ఎవరి పాలు, ఎవరి సబ్బు

మా ఆయన పళ్ళు తోముకునే ముందు పేస్టు ట్యూబు మీద రాసినదంతా చదువుతారు. రోజూ అదే పేస్టు, అదే ట్యూబు. అయినా చదువుతారు. నిన్న చదివారు కదండీ అంటే, నిన్నటిది నిన్న, ఇవాళ్టిది ఇవాళ అంటారు. స్నానాల గదిలోంచి ఆయన గొణుగుడు వినిపిస్తుంటే మా అత్తయ్య, "మొదలెట్టాడమ్మా పారాయణం" అని నవ్వుకుంటారు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. జనం ఒంటికి రాసుకునే క్రీములూ సబ్బులూ షాంపూలూ పౌడర్లూ పనికొస్తాయో లేదో చూసే ఆఫీసులో పని. అందులోనూ ఆయనకి అప్పజెప్పింది మనిషి నుంచి తీసిన సరుకుల విభాగం. ఆఫీసులో అందరూ దాన్ని 'మనిషి సెక్షను' అంటారు. మనిషి నుంచి తీసి మనిషికే రాసే సరుకు ఇంత ఉందని పెళ్ళికి ముందు నాకు తెలియదు. మంగలి షాపుల్లో ఊడ్చిన జుట్టు ఉడకబెట్టి తీసిన ప్రొటీను మళ్ళీ జుట్టుకే రాస్తారట. కాన్పు తర్వాత పడే మావిలోంచి రసం తీసి ముడతలు పోతాయని ముఖానికి పూస్తారట. గాజు పళ్ళాల్లో ఎవరివో కణాలు పెంచి, ఆ కణాలు ఈదిన నీళ్ళని చిన్న సీసాల్లో పోసి అమ్ముతారట. ఇవన్నీ ఆయన భోజనాల దగ్గరే చెబుతారు. నేను వేవిళ్ళతో ఉన్న రోజుల్లో కూడా చెప్పారు.

పెళ్ళైన కొత్తలో నేను సరదాపడి కొనుక్కున్న ముఖం క్రీము డబ్బాని దీపం కిందకి తీసుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇందులో ఎవరున్నారో తెలుసా నీకు?" అని అడిగారు. కొత్త పెళ్ళికూతుర్ని ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది? ఆ డబ్బా మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన అడిగేవి పిచ్చి ప్రశ్నలు కావు. ఇది ఎవరి ఒంట్లోంచి వచ్చింది, వాళ్ళకి ఏ జబ్బూ లేదని ఎవరు చూశారు, మన దాకా వచ్చేలోపు ఎన్ని చేతులు మారింది. ఈ మూడింటికీ జవాబు లేని సరుకు మా ఆయన చేతిలో పడితే బతికి బయటపడదు. ఒకసారి పేరున్న పార్లరు నుంచి సీసాలకి సీసాలు పట్టుకొచ్చారు. వాటి మీద బంగారు రంగు అక్షరాలు తప్ప ఎవరి రక్తం, ఎవరి కణం అన్న ఊసే లేదు. ఆ రోజు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే ఇక ఇంట్లో ఒక్క సీసా కూడా ఉండనివ్వరు.

నా సంగతి కూడా చెప్పాలి. నాది కరెంటాఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా జనం నా చెవిలో అరుస్తారు కాబట్టి ఇంటికొచ్చాక నేను అరుస్తాను. మా పాప పుట్టాక సెలవు పెట్టాను. పాప కొంచెం తాగి నిద్రపోయేది, నాకేమో పాలు ధారలు. డాక్టరమ్మ తీసి దాచమంది. తీసి, చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఫ్రీజర్లో పెట్టాను. మా ఆయన ఊరుకుంటారా? ప్రతి సంచి మీదా చీటీ అంటించారు. తేదీ, వేళ, దాత అని గళ్ళు గీసి, దాత అన్నచోట 'భార్య' అని రాశారు.

"ఈ ఇంట్లో ఇంకెవరిస్తారండీ పాలు? మీరా, అత్తయ్యా?" అన్నాను.

"ఆనవాలు అంటే ఆనవాలే. ఇంట్లో అయినా, ఫ్యాక్టరీలో అయినా" అన్నారు.

ఫ్రీజర్ నిండింది. పాపకి అవసరానికి మించి మిగిలింది. పారబోయడానికి నాకు చేతులు రాలేదు. అప్పుడు మా పక్కింటావిడ, పోయిన ఏడాది కవలల్ని కన్నావిడ, సబ్బులక్క గురించి చెప్పింది.

సబ్బులక్క చాలా ఏళ్ళు ఓ సబ్బుల ఫ్యాక్టరీలో కలిపే పని చేసి మానేసిన మనిషి. ఇప్పుడు టైర్ల షాపు వెనక రెండు గదులు తీసుకుని సొంతంగా సబ్బులు చేస్తుంది. తల్లులు తమ దగ్గర మిగిలిన పాలు పట్టుకెళితే, నూనె, కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేసి తిరిగి ఆ తల్లికే ఇస్తుంది. కళ్ళజోడు, చేతులకి తొడుగులు, తలకి గుడ్డ లేకుండా ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వదు. ఒక పూటకి ఒక తల్లి పాలతోనే పని చేస్తుంది. గిన్నె మరగబెట్టి, ఆరబెట్టి, అప్పుడు గానీ రెండో తల్లి పాలు ముట్టుకోదు. ఒకరి పాలలో ఇంకొకరి చుక్క పడకూడదన్నది ఆమె పట్టుదల. విన్నప్పుడే అనుకున్నాను, ఈమెకీ మా ఆయనకీ జాతకాలు కలుస్తాయని.

ఇంకో పద్ధతి ఉంది. సబ్బు పోసే అచ్చు ఎవరిది వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అల్యూమినియం గిన్నె తెస్తే వెనక్కి పంపేస్తుంది, కాస్టిక్ దాన్ని తినేస్తుంది కాబట్టి. స్టీలైనా ప్లాస్టిక్కైనా ఫర్వాలేదు. పేర్లు మాత్రం ఎక్కడా రాయదు.

"చీటీలు తడికి ఊడిపోతాయమ్మా" అంది నాతో. "ఈ గిన్నె ఎవరిదంటే మాత్రం ఏ ఆడదీ తడుముకోదు. ఆరినన్నాళ్ళూ సబ్బు పక్కనే దాని అచ్చు ఉంటుంది. నీ గిన్నె చూసుకుని నీ సబ్బు పట్టుకెళ్ళు."

గోడ పొడవునా అరలు. అరల మీద సబ్బులు, ఒక్కోదాని పక్కన దాని అచ్చు. ఐస్‌క్రీము డబ్బా మూత, నక్షత్రం ఆకారం టిఫిను డబ్బా, పిల్లల చాక్లెట్ల ట్రే. నేను పాలు పట్టుకెళ్ళిన పొద్దున హడావుడిలో నా చేతికి దొరికింది మా ఆయన గడ్డం గీసుకునే సబ్బు గిన్నె. తెల్ల ప్లాస్టిక్‌ది, అంచు ఓ చోట విరిగి ఉంటుంది. వారం పాటు ఆయన దాని కోసం ఇల్లంతా వెతికారు. అత్తయ్యకి విషయం తెలుసు. "ఎలుక ఎత్తుకుపోయిందేమోరా" అన్నారు.

సబ్బు ఆరాక గుండ్రంగా, మీగడ రంగులో వచ్చింది. రెండో సబ్బు కోసం మిగతా పాలూ ఆ గిన్నే సబ్బులక్క దగ్గరే వదిలొచ్చాను. పాప కోసం స్నానాల గదిలో పెట్టాను. మా ఆయన దాన్ని చూసి, ఆకారం సరిగ్గా ఆయన గిన్నెకి సరిపోయేలా ఉండటంతో, పోయిన గిన్నెకి బదులుగా నేను కొత్త గడ్డం సబ్బు కొనుక్కొచ్చానని అనుకున్నారు. దాని మీద రాతలేవీ లేవు, చదవడానికి. రాతల్లేని వస్తువుని ఆయన అనుమానించాలి నిజానికి. కానీ భార్య పెట్టింది కదా అని నురగ తీసి మొహమంతా పట్టించేశారు. నేను చెబుదామనే అనుకున్నాను. అంతలో అత్తయ్య పెదాల మీద వేలు పెట్టారు.

కొన్నాళ్ళకి ఆఫీసులో ఆయన్ని, "ఏం రాస్తున్నారు సార్, మొహం మెరిసిపోతోంది" అని అడగడం మొదలెట్టారట. "ఏమీ రాయకపోవడమే రహస్యం" అని చెప్పారట. ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పి, అద్దంలో ఓసారి చూసుకున్నారు. అత్తయ్య దగ్గు వచ్చినట్టు నటించి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అంతా సరదాగా ఉన్న ఆ రోజుల్లోనే ఎవరో పుణ్యాత్ముడు సబ్బులక్క మీద ఫిర్యాదు పంపాడు. టైర్ల షాపు వెనక మనుషుల పాలతో సబ్బులు చేసి అమ్ముతున్నారు, తక్షణం చర్య తీసుకోవాలి అని. అది నేరుగా మనిషి సెక్షనుకి వచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రావడమే యుద్ధం గెలిచినవాడిలా వచ్చారు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు.

"ఇవాళ పెద్ద కేసు పట్టాను. తల్లిపాల సబ్బులు. ఎంతమంది పాలో, ఏ పాలో, అన్నీ కలిపి వండేస్తోందో ఏమో. ఆ తల్లుల్లో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు ఏ మందులు మింగుతున్నారో, ఒక్కదానికి పరీక్ష లేదు. అరల మీద ఉన్నవి ఉన్నట్టు సీజ్ చేసేశాను."

నేను అడ్డం పడి అడిగాను. "ఆవిడ ఏమీ చెప్పలేదా?"

"ఏదో చెప్పబోయింది. స్టేట్‌మెంటు తర్వాత ఇద్దువుగాని అన్నాను. తమాషా విను. అక్కడ అచ్చం నా గిన్నెలాంటి గిన్నె ఉంది. అంచు కూడా అక్కడే విరిగింది. పాపం ఎవరిదో."

అత్తయ్య నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. లేబులు మీద చీమంత అక్షరం చదవగల మనిషి తన గిన్నెని తాను గుర్తుపట్టలేదు. ఆయన మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు. ఆయన కనిపెట్టిన పద్ధతి ఒకటి ఉంది, 'నమూనాల సమీకరణ' అని దానికి పేరు కూడా పెట్టారు. పట్టుకున్న సరుకు రకరకాల ఆకారాల్లో ఉంటే ల్యాబువాళ్ళ మనసు అటూ ఇటూ లాగుతుందట. అందుకని అన్నిటినీ ఒకే కొలతలో పాచికల్లా కోసి, ఒకే డబ్బాలో వేసి, సీలు కొట్టి పంపుతారట.

"గిన్నెలూ బొమ్మలూ అక్కడే వదిలేశాను. అవి మన పరిధి కాదు. సబ్బులన్నీ మధ్యాహ్నం కూర్చుని నేనే స్వయంగా కోశాను. ఒకటైతే బస్సు బొమ్మలో పోసింది, ఇంకా బొమ్మలోంచి తియ్యను కూడా లేదు, ఆవిణ్ణి బయట నిలబెట్టి నేనే తీశాను. పిల్లల్ని ఆకర్షించే ఆకారమని దాని మీద ఇంకో సెక్షను కూడా రాశాను."

"ఇప్పుడు ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ఎవరిదైతే ఏం? కార్ఖానా ఒకటే, సరుకు ఒకటే."

జీవితమంతా 'ఎవరిది' అని తప్ప ఇంకో ప్రశ్న అడగని మనిషి, అడగాల్సిన ఆ ఒక్క చోటా అడగలేదు. నాకు కోపం నషాళానికంటింది. ఏదో ఒకటి అనేదాన్నే గానీ అప్పుడే ఫోను మోగింది. సబ్బులక్క.

"మీ ఆయనే వచ్చాడమ్మా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "వాళ్ళ పని వాళ్ళు చేస్తారు, నా షాపు సంగతి నేను చూసుకుంటాను. నీ సబ్బు పోతే ఇంకోటి చేసిస్తా. ఆ బస్సు ఒక్కటి ఎలాగైనా ఇప్పించు."

ఆ బస్సు ఓ కండక్టరమ్మాయిది. నాకు ముఖపరిచయం. నాకు పాప పుట్టిన రోజుల్లోనే ఆమెకి నెలలు నిండకుండా బాబు పుట్టాడు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. బాబుకి తాగే ఓపిక లేదు. ఇవాళ కాకపోతే రేపు తాగుతాడని ఆమె రోజూ పాలు తీసి దాచింది. వాడు తాగకుండానే పోయాడు. సంచులు మిగిలాయి. పారబొయ్యమని ఇంట్లో వాళ్ళు అన్నారు, ఇంకెవరికైనా ఇవ్వమని ఆసుపత్రివాళ్ళు అన్నారు. ఆమె ఏదీ చెయ్యలేక, ఎప్పటికో ఓ నిర్ణయానికొచ్చి, వాటిని సబ్బులక్క దగ్గరికి తెచ్చింది. అచ్చుగా, బాబు పుట్టకముందే వాడి కోసం కొన్న ప్లాస్టిక్ బస్సు తెచ్చింది.

"ఇంకెవరి సబ్బు పోయినా మళ్ళీ పాలుంటాయమ్మా" అంది సబ్బులక్క. "ఆ పిల్లకి ఉండవు."

ఫోను పెట్టేసి వచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. గట్టిగా అరిచి చెబుదామనుకున్నాను గానీ మెల్లగానే చెప్పాను. ఆయన నిలబడ్డ చోటే కూర్చున్నారు. అత్తయ్య మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, "ఒరేయ్, కోసేముందు అడగక్కర్లేదట్రా ఎవరిదని" అన్నారు. నేను అనాలనుకున్న మాట ఆవిడ అనేశారు.

మర్నాడు సబ్బులక్కతో కలిసి ఆఫీసుకి వెళ్ళాను. పాపని కావాలనే అత్తయ్య దగ్గర వదిలాను. ఆ కండక్టరమ్మాయి ముందు పాపని ఎత్తుకుని నిలబడాలనిపించలేదు. డ్యూటీ దిగి వస్తానని ఆమె కబురు చేసింది.

మా ఆయన ఆఫీసు నేను ఊహించినంత గొప్పగా లేదు. పొడవాటి గది, గోడలకి బీరువాలు, బీరువాల మీద అట్టపెట్టెలు. అన్నిచోట్లా క్రీముల వాసనలన్నీ కలిసిపోయి, తల తిరిగే వాసన. చివర పెద్ద మేడమ్ బల్ల. పక్కింటి కవలల తల్లి అప్పటికే అక్కడ ఉంది. బ్యాంకులో పనిచేసే మరో అమ్మాయి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. నక్షత్రం టిఫిను డబ్బా ఆమెదే, సాక్ష్యానికి చేతిలో పట్టుకొచ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కరెంటాఫీసులో నా కుర్చీలో కూర్చున్నట్టే ఉంది నాకు.

పెద్ద మేడమ్ నిదానస్తురాలు. అందరూ అలిసిపోయే దాకా ఆగి, సబ్బులక్కని అడిగారు. "నువ్వు వీటిని అమ్ముతావా?"

"లేదమ్మా. ఎవరి పాలు వాళ్ళకే. చేసినందుకు కూలి తీసుకుంటా."

"ఒకరివి ఒకరికి ఇచ్చావా ఎప్పుడైనా?"

"ఇస్తే ఈ చేతులు విరిచెయ్యండి" అంది సబ్బులక్క.

"ఏ సబ్బు ఎవరిదో ఎలా తెలుస్తుంది నీకు?"

సబ్బులక్క అచ్చుల సంగతి చెప్పింది. మేడమ్ మా ఆయన వైపు తిరిగి, "అచ్చులు వదిలేసి సబ్బులు మాత్రం తెచ్చారా?" అని అడిగారు. మా ఆయన తల ఊపారు. తెచ్చినవాటిని ఏం చేశారో ఆయనే చెప్పారు. 'సమీకరణ' అన్న మాట మాత్రం వాడలేదు.

"ఏ లోకంలో ఉన్నారండీ" అన్నారు మేడమ్. "ఇంత శుభ్రంగా ఆనవాలు పెట్టుకున్న సరుకు మన సెక్షనుకి ఇప్పటిదాకా రాలేదు. దాని ఆనవాలు మనమే చెరిపేశామన్నమాట."

మా ఆయన మొహం మాడిపోయింది. అప్పుడు నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "మేడమ్, అందులో నాది కూడా ఉందండి" అన్నాను.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. "నీదా?"

"ఆ విరిగిన గిన్నె మీదే. ఇన్నాళ్ళూ మీరు గడ్డానికి రుద్దుకున్నది పాప సబ్బు."

ఆయన చెయ్యి దానంతటదే బుగ్గ మీదకి వెళ్ళింది.  కవలల తల్లి కిసుక్కుమంది. పక్క బల్లల గుమస్తాలు ఫైళ్ళ వెనక్కి తలలు దూర్చేశారు.

"రహస్యం ఇదా" అన్నారు పెద్ద మేడమ్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "అయితే ముందు మిమ్మల్ని సీజ్ చెయ్యాలి. దాత ఎవరో తెలుసా, కనీసం?"

"తెలుసు మేడమ్" అన్నారు మా ఆయన నేల చూస్తూ. "భార్య."

అందరం నవ్వాం. సబ్బులక్క కూడా నవ్వింది. ఆయన కూడా ఓ మూల నవ్వారు. సరిగ్గా ఆ నవ్వుల్లోకి కండక్టరమ్మాయి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి, పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి వాచిన కాళ్ళు. మేం నవ్వుతుండగా వచ్చినందుకు నాకు సిగ్గేసింది. ఆమె ఎవర్నీ పట్టించుకోలేదు. సబ్బులక్క కళ్ళతో చూపించిన మనిషి దగ్గరికి, అంటే మా ఆయన దగ్గరికి, నేరుగా నడిచింది.

"బస్సు నాదండీ. తీసుకెళ్దామని వచ్చాను."

మా ఆయన లేచి నిలబడ్డారు. అలవాటైన మాట నోటి దాకా వచ్చింది, నాకు తెలుసు. పట్టుకున్న నమూనాలు పరీక్ష అయ్యాక ధ్వంసం చేయబడును అన్నది. ఆయన దాన్ని మింగేశారు. బీరువా తెరిచి సీలు వేసిన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. పారదర్శకమైన డబ్బా. లోపల మీగడ రంగు ముక్కలు, అన్నీ ఒకే కొలత, ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసి చెప్పలేనంత సమానంగా.

"కోసేశాను" అన్నారు. "తెలియక."

ఆమె డబ్బా మీదకి వంగింది. చాలాసేపు చూసింది. "ఇందులో నాది ఏది?" అంది.

 మా ఆయన ల్యాబుకి ఫోను చేశారు. ఇద్దరు మనుషుల కణాల్ని విడదీసి చెప్పగల ల్యాబు అది. కాస్టిక్ పడి ఉడికాక అందులో మనిషి ఆనవాలు ఏదీ మిగలదని, ఆశ పెట్టుకోవద్దని వాళ్ళు చెప్పారు. ఆయన ఫోను పెట్టేసి ఆ మాటే చెప్పారు. మెత్తగా చెప్పడం ఆయనకి చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్పారు.   ఎంత కోపంగా ఉన్నానో అంత జాలీ వేసింది.

కవలల తల్లి బల్ల దగ్గరికి వచ్చి డబ్బాని కండక్టరమ్మాయి వైపు తోసింది.

"అన్నీ నువ్వే తీసుకో. అందులో నీది ఉంది కదా" అంది.

బ్యాంకమ్మాయి టిఫిను డబ్బా సంచిలో పెట్టేసుకుంది. "నాది కూడా తీసుకో అక్కా" అంది. నేను తల ఊపాను. 

"ఒకరిది ఇంకొకరికి ఇవ్వడానికి..." అని మా ఆయన మొదలుపెట్టారు. నేను ఆయన వంక చూసిన చూపుకి మామూలుగా అయితే ఇంట్లో బల్లులు కూడా కదలవు. కానీ ఆయన ఆగింది నన్ను చూసి కాదు. ఏదో తట్టింది. కండక్టరమ్మాయి వైపు తిరిగారు.

"అమ్మా, మీరు దీన్ని ఒంటికి రాసుకుంటారా?"

"లేదండీ."

"పిల్లలెవరికైనా రుద్దుతారా? ఎవరికైనా ఇస్తారా?"

"బట్టల బీరువాలో పెట్టుకుంటాను" అంది. "దగ్గరుంటే చాలు."

మా ఆయన పెద్ద మేడమ్ వైపు తిరిగి నిటారుగా నిలబడ్డారు. "మేడమ్, మనిషి ఒంటికి పూసేది, రుద్దేది, చల్లేది, పోసేది అయితేనే మన చట్టంలోకి వస్తుంది. ఈవిడ ఆ నాలుగూ చెయ్యనంటున్నారు. ఇది సౌందర్య సాధనం కాదు. మన సెక్షనుకి దీనితో సంబంధం లేదు."

 "సంబంధం లేని వస్తువుని బీరువాలో ఎందుకు పెట్టుకున్నారు మరి? ఇచ్చెయ్యండి" అన్నారు మేడమ్. సబ్బులక్కని మాత్రం ఊరికే వదల్లేదు. పాలిచ్చే ప్రతి తల్లి రక్తపరీక్ష కాగితం చూశాకే గిన్నె పొయ్యి మీద పెట్టాలన్నారు. సబ్బులక్క అదేదో ముందే చెబితే ముందే చూసేదాన్ని కదా అంది.

మా ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి, తను వేసిన సీలుని తనే కోశారు. మూత తీసి డబ్బాని ఆమె ముందు పెట్టారు. ఆమె ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని మళ్ళీ లోపల పెట్టింది. మూత బిగించి, తోలు సంచి వెనక్కి జరుపుకుని, డబ్బాని పొట్టకి ఆనించి పట్టుకుంది. ఇక వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు.

"నేను దాన్ని చూడలేదండీ" అంది మా ఆయనతో. "పోసిన రోజు చూశాను, పచ్చిగా ఉంది. గట్టిపడ్డాక బొమ్మలోంచి తీసింది మీరే కదా. మీరొక్కరే చూశారు."

"అవునమ్మా."

"మూలలు అచ్చుకే అంటుకుపోతాయేమోనని అక్క భయపడింది. పూర్తిగా వచ్చిందా?"

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. పట్టుకున్న వస్తువుని రిపోర్టులో ఎలా వర్ణిస్తారో అలాగే మొదలుపెట్టారు. ఆయనకి వచ్చిన భాష అదొక్కటే.

"పూర్తిగా వచ్చింది. ఎక్కడా విరగలేదు. పొడవు జానెడు కంటే తక్కువ. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి. ఎడమ పక్క కిటికీలు అన్నీ స్పష్టంగా దిగాయి. కుడి పక్క చివరి కిటికీలో గాలి బుడగ వచ్చి చిన్న గుంట పడింది. ముందు అద్దం బాగా వచ్చింది. దాని కింద దీపాలు రెండూ ఉన్నాయి. చక్రాలు సగం దాకా దిగాయి. తలుపు దగ్గర రెండు మెట్లు. పై మెట్టు అంచు దీపానికి అడ్డంగా పెడితే వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా ఉంది. బల్ల మీద నిలబెడితే ఒరగకుండా నిలబడింది."

"నిలబడిందా?" అంది.

"నిలబడింది. కాసేపు అలాగే ఉంచాను. చూడ్డానికి బాగుంది."

ఆ చివరి మాట ఏ రిపోర్టులోనూ ఉండదు. గదిలో అందరం గోడలూ ఫైళ్ళూ చూస్తున్నాం. సబ్బులక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. కండక్టరమ్మాయి డబ్బా దింపకుండానే కాలితో ఓ కుర్చీని దగ్గరికి లాక్కుని, మా ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండి" అంది. "కొంచెం నెమ్మదిగా."

మా ఆయన కూడా కూర్చుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పారు.